చివరి చేపను ముందు ఎంచుకోండి

పాంథర్ గ్రూపర్ పిల్ల షాపులో వేలెడంత ఉంటుంది. తెల్లటి ఒళ్లు, దాని మీద గుండ్రటి నల్ల చుక్కలు, తల కిందికి పెట్టి రెక్కలు ఊపుకుంటూ తేలే తీరు. చూసినవాళ్ల చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. అదే చేప పూర్తిగా ఎదిగితే 70 సెంటీమీటర్లు. ఆ సంగతి షాపువాడు చెప్పడు, మీరూ అడగరు. "మిగతా వాటితో కలుస్తుందా?" అని మాత్రం అడుగుతారు. "చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగితే అలవాటైపోతాయి సార్, ఏం కాదు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక చూస్తే డామ్సెల్స్ కనిపించవు, క్లౌన్ ఫిష్ కనిపించదు, గ్రూపర్ మాత్రం బొద్దుగా ఉంటుంది. దాని తప్పేమీ లేదు. నోట్లో పట్టేది ఎదురైతే మింగడం దాని పని. కలిసి పెరిగినవా, నిన్న వచ్చినవా అన్న లెక్క దానికి లేదు.

ఉప్పునీటి ట్యాంకులో పెద్ద, దూకుడు చేపలు పెట్టాలనుకునేవాళ్లలో చాలామంది ఫ్లవర్‌హార్న్‌లూ ఆస్కార్లూ పెంచి ఇటు వచ్చినవాళ్లే. మంచినీటి ట్యాంకులో నేర్చుకున్న ఒక చిట్కా ఇక్కడ ముంచుతుంది. ఆఫ్రికన్ సిక్లిడ్‌లను కిక్కిరిసేలా పెడితే దెబ్బలు తలా కాస్త పడి ఏ ఒక్కటీ చావదని అక్కడ చెప్పుకుంటారు. సముద్రపు చేపలతో ఆ ఎత్తు పారదు. ఉప్పునీటిలో ఆక్సిజన్ కరిగేదే తక్కువ. పెద్ద మాంసాహార చేపలు వదిలే అమ్మోనియా ఎక్కువ. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది కాబట్టి, అదే అమ్మోనియా మంచినీటిలో కంటే ఇక్కడ ఎక్కువ విషమవుతుంది. గుంపుగా పెట్టి గొడవ తగ్గిద్దామనుకుంటే, గొడవ తగ్గేలోపు నీరే చెడుతుంది.

అందుకే ఈ రకం ట్యాంకులో చేపలను ఎంచుకునే వరుస ఒకటి, కొనే వరుస ఇంకొకటి. రెండూ ఒకదానికొకటి తలకిందులు. మీ మనసు పడ్డ చేప, అందరికంటే గట్టిది, ట్యాంకులో అందరికంటే చివర దిగేది, దాన్ని కాగితం మీద మొదట రాసుకోవాలి. ట్యాంకు పొడవు, రాళ్ల అమరిక, మిగతా చేపలు, తిండి ఏర్పాటు అన్నీ దాన్ని బట్టే తేలతాయి. చాలామంది ఈ వరుసను తిరగేస్తారు. దొరికిన చేపలు దొరికినట్టు వేసుకుంటూ పోయి, ఇక ఒక్కదానికే చోటుందనగా క్లౌన్ ట్రిగ్గర్ తెస్తారు. ఆ తర్వాత ఆ ఒక్కదానికే చోటు మిగులుతుంది.

దూకుడు అంటే ఏ దూకుడు?

చేపల పట్టికల్లో "అగ్రెసివ్" అని ఒకే ముద్ర కొట్టి పెడతారు. అది దాదాపు పనికిరాని సమాచారం. లయన్‌ఫిష్‌కీ ట్రిగ్గర్‌కీ ఒకే ముద్ర పడుతుంది. నిజానికి ఆ రెండింటి స్వభావాలకు ఎక్కడా పొంతన లేదు.

మింగేవి ఒక జాతి. లయన్‌ఫిష్, గ్రూపర్, ఫ్రాగ్‌ఫిష్, చాలా రకాల మోరే ఈల్స్ ఈ కోవలోకి వస్తాయి. వీటికి ఎవరి మీదా పగ ఉండదు. ఎదుటి చేప నోట్లో పడితే తిండి, పడకపోతే పొరుగు. ఆ పొరుగును ఏళ్ల తరబడి పట్టించుకోకుండా బతుకుతాయి. అసలు చిక్కు ఆ నోరు ఎంత తెరుచుకుంటుందో మనం తక్కువ అంచనా వెయ్యడంలోనే ఉంది. మూసి ఉన్నప్పుడు లయన్‌ఫిష్ నోరు చిన్నదిగానే కనిపిస్తుంది. తెరిస్తే తన పొడవులో సగం ఉన్న చేపను లోపలికి లాగేసుకుంటుంది. ఫ్రాగ్‌ఫిష్ అయితే తనంత చేపనే మింగబోతుంది. ఒక్కోసారి ఆ ప్రయత్నంలో రెండూ చస్తాయి. దీన్ని వేరే చేపలతో పెట్టాలన్న ఆలోచనే వదులుకోవడం మేలు. మిగతా మింగే చేపలకు నేను పాటించేది మోటు లెక్క. పొరుగు చేప కనీసం వాటి పొడవులో మూడింట రెండొంతులైనా ఉండాలి, సన్నగా బారుగా ఉండే రకమైతే అంతకంటే ఎక్కువే ఉండాలి. ఆ లెక్క కూడా ఇవాళ్టి కొలతలతో చేస్తే చాలదు. గ్రూపర్ ఏడాదికి ఎంత ఎదుగుతుందో, పొరుగు చేప ఎంత ఎదుగుతుందో కలిపి చూడాలి. గ్రూపర్ దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది.

కొట్టేవి ఇంకో జాతి. ట్రిగ్గర్లు, పెద్ద ఏంజెల్స్, సోహాల్, పౌడర్ బ్లూ లాంటి టాంగ్స్, కొన్ని డామ్సెల్స్. వీటికి కావాల్సింది తిండి కాదు, జాగా. తమలాంటి ఆకారం, తమలాంటి రంగు, తమలాంటి తిండి ఉన్న చేప కనబడితే వీటికి మండుతుంది. పక్కనే ఈల్ పడుకున్నా పట్టించుకోని ఏంజెల్, ఇంకో ఏంజెల్ తోక కనిపిస్తే చాలు ఉరుకుతుంది. ఇక్కడ సైజు కూడా కొలమానం కాదు. త్రీ స్పాట్ డామ్సెల్ పెద్దదైనా 14 సెంటీమీటర్లు దాటదు, కానీ పిట్ట కొంచెం కూత ఘనం. ట్యాంకు సైక్లింగ్ కోసమని, అంటే వ్యర్థాలను అరిగించే బ్యాక్టీరియా పెరగడానికని, మొదట దాన్ని వేసినవాళ్లు, తర్వాత తెచ్చిన ప్రతి చేపనూ అది తరుముతుంటే చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. సైక్లింగ్‌కు అసలు చేపే అక్కర్లేదు. సీసా అమ్మోనియాతోనో, చిన్న రొయ్య ముక్కతోనో నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ పని అయిపోతుంది.

మూడోవి కొరికి చూసేవి. పఫర్ ఫిష్ వీటిలో మొదటిది. దానికి శత్రుత్వం లేదు, కుతూహలం ఉంది. దాని పళ్లు కలిసిపోయి ముక్కులా గట్టిపడి, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఏది కనిపించినా ఒకసారి కొరికి చూస్తుంది. పఫర్ ఉన్న ట్యాంకులో లయన్‌ఫిష్ పెడితే ఏమవుతుందో ఊహించండి. గాలిలో గుడ్డలా వేలాడే ఆ పొడవాటి రెక్కలు పఫర్‌ను రమ్మని పిలుస్తుంటాయి. లయన్‌ఫిష్ పారిపోదు. దాని 18 ముళ్లలో విషం ఉంది, సముద్రంలో దాని జోలికి వచ్చేవి తక్కువ. కాబట్టి కదలకుండా నిలబడటమే దానికి అలవాటు. రెక్కల అంచులు తరుగుతూ పోతాయి, పుండ్లు పడతాయి, అది తిండి మానేస్తుంది. రెండింటి మీదా "అగ్రెసివ్" ముద్రే ఉంది, రెండూ కలవవు. పట్టిక చూసి కొన్నవాళ్లకు ఈ తేడా తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ట్రిగ్గర్లు మాత్రం రెండు కోవల్లోనూ ఉంటాయి. కొడతాయి, కొరుకుతాయి కూడా. అందుకే వాటి సంగతి విడిగా చెప్పుకోవాలి.

ట్రిగ్గర్ల మెట్లు

ట్రిగ్గర్ వీపు మీద మొదటి ముల్లు లేచి నిలబడితే, రెండో ముల్లు దానికి వెనకనుంచి గడియ వేస్తుంది. రాతి సందులో దూరి ఆ ముల్లు ఎత్తిందంటే బయటికి లాగడం మీ వల్ల కాదు. వలతో పట్టబోతే అదే ముల్లు వలలో చిక్కుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలోకి తోలుకుని ఎత్తడమే పద్ధతి. ఈ చేపలో తెలివి కనిపిస్తుంది. తిండి పెట్టే మనిషిని గుర్తుపడుతుంది, రాళ్లు జరుపుతుంది, హీటర్ వైరు కొరుకుతుంది. చాలామంది ఈ రకం ట్యాంకు పెట్టేది దీని కోసమే, అందులో ఆశ్చర్యం లేదు.

కానీ అన్ని ట్రిగ్గర్లూ ఒకటి కాదు. మెట్లు ఉన్నాయి. కింది మెట్టు మీద బ్లూత్రోట్, క్రాస్‌హ్యాచ్ ఉంటాయి. ఇవి సముద్రంలో నీటి మధ్యలో తేలే ప్లవకాలను ఏరుకుతినే రకాలు. పీతల్ని, నత్తల్ని పగలగొట్టి తినే ట్రిగ్గర్లకుండే కోపం వీటికి తక్కువ. ఆడా మగా జంటగా పెట్టగలిగే ట్రిగ్గర్లు దాదాపు ఇవే. తర్వాత నైజర్. ఎర్రటి పళ్లు, నీలం ఒళ్లు, కత్తెరలా చీలిన తోక. మన దక్షిణ తీరాల్లో ట్రాలర్ వలలకు రాశులుగా పడే చేపే ఇది. ఇది కూడా ప్లవకాలే తింటుంది, చిన్నప్పుడు పిరికిది, వారం రోజులు రాతి సందులోంచి తోక మాత్రమే చూపిస్తుంది. పెద్దదయ్యాక ధైర్యం వస్తుంది, కానీ చాలావరకు మాట వినే చేప. ఆ పైన పికాసో. 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, చొరవ ఎక్కువ, గొడవ మధ్యస్తం. ఆ పైన క్లౌన్ ట్రిగ్గర్, 50 సెంటీమీటర్లు. నల్ల ఒళ్లు, పొట్ట మీద పెద్ద తెల్ల చుక్కలు, పసుపు మూతి. సముద్రపు చేపల్లో ఇంత అందమైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయిదారు సెంటీమీటర్ల పిల్లగా ఉన్నప్పుడు ఎవరినీ ఏమీ అనదు. రెండు మూడేళ్లు అలాగే ఉంటుంది. ఒకరోజు పక్కన ఎవరూ ఉండకూడదని నిర్ణయించుకుంటుంది. అన్నీ అలా మారవు, కానీ ఏది మారుతుందో పిల్లలో చూసి చెప్పగలిగినవాళ్లు నాకు తగల్లేదు. అన్నిటికంటే పైమెట్టు మీద అండులేటెడ్, క్వీన్ ట్రిగ్గర్లు. పచ్చ ఒంటి మీద నారింజ గీతలున్న అండులేటెడ్‌ను చూసి మోజుపడితే, ట్యాంకు మొత్తం దానికి రాసిచ్చి ఒక్కదాన్నే పెట్టుకోండి. నిజంగా అంటున్నాను. ఒంటరిగా పెంచితే అంత ముచ్చటైన పెంపుడు చేప ఇంకొకటి ఉండదు.

మీ జాబితాలో చివరి చేప ఏ మెట్టు మీదిదో తేలితే మిగతాది సగం తేలినట్టే. క్లౌన్ ట్రిగ్గర్ అయితే దాని ముందు దిగే ప్రతి చేపా గట్టిదీ, దానికి సమానమైన లేదా పెద్ద సైజుదీ అయి ఉండాలి, దానిలా కనిపించకూడదు. లయన్‌ఫిష్‌ను జాబితా నుంచి కొట్టెయ్యాలి. చిన్న చేపలు, నెమ్మదిగా తినేవి ఏవీ వద్దు. అదే నైజర్ అయితే తలుపు చాలా తెరుచుకుంటుంది.

ఆరడుగుల ట్యాంకుతో ఒక లెక్క

మాటల్లో చెప్పినంత సులువుగా ఇది నడవదు కాబట్టి ఒక కొలత పెట్టుకుని చూద్దాం. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. లోపల పట్టేవి సుమారు 680 లీటర్లు. నీరే దాదాపు 700 కిలోలు. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు, కింద సంప్ కలిస్తే టన్ను మీద మాట. అపార్ట్‌మెంట్‌లో అయితే హాలు మధ్య కాకుండా, కింద బీమ్ ఉన్న గోడ వెంట పెట్టాలి. ఇంజనీర్‌ను ఒకసారి అడగడం చేప ఖరీదు కంటే చౌక. ఎత్తు పెంచి లీటర్లు కూడబెట్టడం వల్ల చేపలకు ఒరిగేదేమీ లేదు. వాటికి కావాల్సింది ఈదడానికి పొడవు, తిరగడానికి వెడల్పు. రెండడుగుల వెడల్పులో అడుగుకు బాగా మించిన చేప ఇబ్బంది లేకుండా వెనక్కి తిరగలేదు. ఈ ఒక్క కారణంతోనే పాంథర్ గ్రూపర్, ఎంపరర్ ఏంజెల్, పోర్క్యుపైన్ పఫర్ ఈ ట్యాంకుకు కుదరవు. ఎంపరర్ 40 సెంటీమీటర్లు పెరుగుతుంది. దానికి ఎనిమిదడుగులు కనీసం అని రాసుకోండి.

ఈ ట్యాంకుకు చివరి చేపగా పికాసో ట్రిగ్గర్‌ను ఎంచుకున్నామనుకుందాం. అయితే మొదట దిగేది స్నోఫ్లేక్ ఈల్. మోరేల్లో ఇది సాధువు. దాని పళ్లు మొద్దుగా, పీతల పెంకులు నలిపేందుకు ఉంటాయి, చేపల్ని పట్టే కోరల్లా ఉండవు. ట్యాంకుల్లో రెండు రెండున్నర అడుగులు పెరుగుతుంది, సన్నగా ఉంటుంది కాబట్టి జాగా తక్కువ తింటుంది. మూత మాత్రం పకడ్బందీగా ఉండాలి. వేలు దూరే సందున్నా అది బయటికి పాకుతుంది, తెల్లారేసరికి సోఫా కింద ఎండిపోయి దొరుకుతుంది. తర్వాత ఫాక్స్‌ఫేస్. పసుపు ఒళ్లు, నల్లటి మూతి, నాచు తింటుంది. వీపు ముళ్లలో విషం ఉంది కనుక దాని జోలికి ఎవరూ పోరు. అది కూడా ఎవరి జోలికీ పోదు. రాత్రి దీపం వేసి చూస్తే గోధుమరంగు మచ్చలతో రోగిష్టిలా కనిపిస్తుంది. గాభరాపడకండి, అది దాని నిద్ర వేషం. మూడోది హార్లెక్విన్ టస్క్. నారింజ పట్టీలు, నీలం పళ్లు చూసి భయపడేవాళ్లున్నారు కానీ స్వభావం మెతక. ఖరీదు మాత్రం గట్టిదే. నాలుగోది డాగ్‌ఫేస్ పఫర్, 33 సెంటీమీటర్ల దాకా ఎదిగే చేప. చివర పికాసో, అప్పటికి ఉన్న వాటన్నిటికంటే చిన్నదిగా.

అయిదే చేపలు. ఆరో చేపకు చోటుంది కదా అని మనసు లాగుతుంది. మొదటి ఏడాది నిజంగానే ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ వాటి ఎదుగుదల కోసం ఉంచింది. పైగా ఇంత తిండి తినే అయిదు చేపల వ్యర్థాలను మోయడానికి, ట్యాంకు లీటర్లకు రెట్టింపు రాసి ఉన్న ప్రోటీన్ స్కిమ్మర్ కావాలి, వారం వారం నీరు మార్చాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం లోపు ఉంటే ఈ చేపలు తట్టుకుంటాయి.

పికాసో బదులు లయన్‌ఫిష్ మీద మనసుంటే అసలు ట్యాంకే వేరవుతుంది. అప్పుడు పఫర్ వద్దు, పికాసో వద్దు. ఒక వాలిటన్స్ లయన్‌ఫిష్, దానితో సమానమైన స్క్విరెల్‌ఫిష్, ఒక ఫాక్స్‌ఫేస్, చివర బ్లూత్రోట్ ట్రిగ్గర్. పెద్ద ట్యాంకు ఉంటే 50 సెంటీమీటర్ల దాకా ఎదిగే మినియాటస్ గ్రూపర్. ఎర్రటి ఒంటి మీద నీలం చుక్కలతో మెరిసే ఆ చేప ఒక్కటే హాలుకు వెలుగు తెస్తుంది. ఈ ట్యాంకు నెమ్మదిగా, బరువుగా కదులుతుంది. అతిథులకు ట్రిగ్గర్ల ట్యాంకు నచ్చుతుంది, సాయంత్రం ఒంటరిగా కూర్చునేవాళ్లకు ఇది నచ్చుతుంది.

పెద్ద ఏంజెల్స్ గురించి ఒక్క మాట. ఎంపరర్ పిల్లగా ఉన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లటి వలయాలతో ఉంటుంది. పెద్దయ్యాక పసుపు, నీలం గీతలు వస్తాయి. తన జాతి పెద్ద చేప తనను పోటీగా చూడకుండా ఉండేందుకే ఆ పిల్ల వేషమని శాస్త్రజ్ఞుల అంచనా. పెంచేవాళ్లు దీన్నుంచి గ్రహించాల్సింది ఏమిటంటే, రంగు మారే నెలల్లోనే చుట్టూ ఉన్నవాటితో దాని తీరు కూడా మారొచ్చు. వలయాల రోజుల్లో కోరాన్ ఏంజెల్‌తో కలిసి తిరిగిన ఎంపరర్, గీతలు వచ్చాక దాన్ని మూలకు నెడుతుంది. ఒక ట్యాంకుకు ఒక పెద్ద ఏంజెల్ అనుకుంటే పేచీ లేదు.

ముందు వచ్చినవాడి తువ్వాలు

చేపలు ట్యాంకులో దిగే వరుస ఎందుకంత ముఖ్యమో ఆర్టీసీ బస్సెక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందెక్కినవాడు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాడు. తర్వాత వచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా నిలబడాల్సిందే. ట్యాంకులో మొదట దిగిన చేప అన్ని గుహల మీదా తువ్వాలు వేసేస్తుంది. గట్టి చేప ముందు దిగితే తర్వాత ఎవరినీ కూర్చోనివ్వదు. మెతక చేపలకు ముందు సీటు దొరకనిచ్చి, గట్టిదాన్ని చివర ఎక్కించడం ఇందుకే.

కొత్త చేపను తిన్నగా వదలకండి. చిల్లులున్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ట్యాంకులోనే రెండు మూడు రోజులు వేలాడదీయండి. పాత చేపలు వచ్చి డబ్బాను గుద్దుతాయి, బుసలు కొడతాయి, విసుగెత్తి వెళ్లిపోతాయి. విసుగు రాకుండా మూడో రోజూ అదే చేప అదే కోపంతో వస్తోందంటే, ఆ జత కుదరదని డబ్బాలోనే తెలిసిపోతుంది. వదిలే రోజు రాళ్లు కాస్త మార్చి పెట్టండి, తువ్వాళ్లన్నీ చెదిరిపోతాయి. పాతవాటికి ముందు కడుపునిండా పెట్టి, లైట్లు ఆపి వదలండి. బయట గాజుకు అద్దం ఆనించి పెడితే, కొట్లాటకోరు చేప తన నీడతోనే రోజంతా పేచీ పెట్టుకుంటుంది. అది చవకైన ఉపాయం, పని చేస్తుంది.

ఇదంతా క్వారంటైన్ తర్వాతి మాట. కొత్త చేపను కనీసం నెల రోజులు వేరే ట్యాంకులో ఉంచాలి. క్రిప్టోకారియాన్ అనే తెల్లచుక్కల జబ్బు ఒక్కసారి పెద్ద ట్యాంకులో దిగితే, చేపలన్నిటినీ బయటికి తీసి ట్యాంకును 76 రోజులు ఖాళీగా ఉంచడం తప్ప గట్టి మార్గం లేదు. అయిదు పెద్ద చేపలను అన్ని రోజులు ఎక్కడ పెడతారు? రాగి మందు జబ్బును చంపుతుంది, కానీ ఈల్స్, పఫర్లు, లయన్‌ఫిష్ దాన్ని మిగతావాటిలా తట్టుకోలేవు. మోతాదు టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ పైకి తేవాలి. పెద్ద ట్యాంకులో రాగి పొయ్యనే పొయ్యకండి. రాళ్లు దాన్ని పీల్చి నెలల తరబడి దాచుకుంటాయి.

తరమడం, తోక కాస్త చిరగడం మామూలే. తోక మళ్లీ వస్తుంది. నీటి పైభాగంలో ఒక మూల నిలబడిపోయి, తిండి వేసినా కదలని చేప ఉందంటే మాత్రం అది ఎదురు చూడాల్సిన సమయం కాదు. అప్పుడు అందరూ చేసేది దెబ్బలు తిన్న చేపను తీసెయ్యడం. కొట్టేదాన్ని తియ్యండి. వారం పది రోజులు క్వారంటైన్ ట్యాంకులో ఉంచి తిరిగి వదిలితే, అది కొత్తగా వచ్చినట్టు అయిపోతుంది. ఈలోగా రెండోది తన గుహ వెతుక్కుంటుంది.

తిండి

ఆకలిగా ఉన్న గట్టి చేప అసలు స్వభావం కంటే రెండింతలు గట్టిగా ఉంటుంది. కాబట్టి సగం సామరస్యం వంటింట్లోనే తయారవుతుంది. హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌లో దొరికే స్క్విడ్, ఆల్చిప్పలు, పీతలు, పెంకుతో ఉన్న వనామీ రొయ్యలు చిన్న ముక్కలుగా కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పఫర్‌కు పెంకు ఉన్నదే వెయ్యాలి, లేకపోతే దాని పళ్లు పెరిగిపోయి నోరు మూసుకుపోతుంది. ఫాక్స్‌ఫేస్‌కు నోరి నాచు క్లిప్‌కు పెట్టి ట్యాంకు ఒక చివర గాజుకు అంటించండి. ట్రిగ్గర్ ముందు తినేస్తుంది కాబట్టి దానికి రెండో చివర వేసి, అది నములుతుండగా పొడవాటి చిమటాతో ఈల్‌కు దాని గుహ దగ్గరే అందించండి. ఈల్‌కు చూపు తక్కువ, వాసనతో వెతుకుతుంది. చేత్తో ఇవ్వబోతే రొయ్యకూ వేలికీ తేడా దానికి తెలియదు. మోరేల గొంతులోని రెండో దవడ ముందుకొచ్చి తిండిని లోపలికి లాక్కుపోతుందని 2007లో పరిశోధకులు కనిపెట్టారు. అది చదివాక వేలు అందించాలనిపించదు.

లయన్‌ఫిష్ షాపులో బతికున్న గప్పీలు, గోల్డ్‌ఫిష్ మాత్రమే తింటోందంటే బేరం అక్కడే ఆపండి, లేదా దాన్ని చచ్చిన తిండికి మళ్లించే ఓపిక ఉంటేనే తీసుకోండి. సన్నటి పుల్లకు రొయ్య ముక్క గుచ్చి నోటి ముందు ఆడిస్తూ పోతే కొన్ని వారాల్లో మారుతుంది. మంచినీటి గోల్డ్‌ఫిష్‌లో సముద్రపు చేపకు కావాల్సిన కొవ్వులు ఉండవు. పైగా వాటిలో థయామినేజ్ అనే పదార్థం బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. నెలల తరబడి అవే పెడితే చేప లోపల్లోపల చెడి ఒకరోజు కారణం తెలియకుండా పోతుంది. కొన్ని రకాల రొయ్యల్లో, నెత్తళ్ల జాతి చేపల్లో కూడా ఈ పదార్థం ఉంటుంది, కాబట్టి ఒకే రకం తిండి రోజూ వద్దు. పెద్ద లయన్‌ఫిష్‌కు, గ్రూపర్‌కు వారానికి రెండు మూడుసార్లు చాలు. అడుక్కుంటున్నట్టు ముందుకొచ్చి నిలబడితే జాలిపడి రోజూ పెట్టేవాళ్లు వాటి కాలేయాన్ని కొవ్వుతో నింపుతున్నారు.

కొనకూడనివి, వదలకూడనివి

అయిదడుగుల పైకి పెరిగే జయంట్ గ్రూపర్ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత చేప. దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. గుర్రపు చేపలు, గట్టి పగడాలు కూడా అంతే. సముద్రం నుంచి తీసిన "లైవ్ రాక్" అంటే నిజానికి పగడపు అస్థిపంజరమే, కాబట్టి అదీ కుదరదు. డ్రై రాక్ కొని బ్యాక్టీరియాతో పండించుకోవాలి, ఈ చేపలకు అది ఏమాత్రం తక్కువ కాదు. మన్నార్ సింధుశాఖలో దీవుల చుట్టూ ఉన్న సముద్ర జాతీయ ఉద్యానంలో చేపలు పట్టడం నిషిద్ధం. అందుకే చేప ఎక్కణ్నుంచి వచ్చిందని షాపులో అడగండి. జవాబు తడుముకుంటే ఇంకో షాపు చూసుకోండి. చట్టం అడ్డు చెప్పని వాటిలోనూ టైటాన్ ట్రిగ్గర్, మూరిష్ ఐడల్ ఇంటి ట్యాంకుకు కావు. మొదటిది మనిషినే కరిచే రకం, రెండోది మనం పెట్టేదేదీ సరిగా తినక చిక్కి చనిపోయే రకం.

గ్రూపర్ పెద్దయితే ఎంత ఉంటుందో నమ్మకం కుదరకపోతే, ఒక ఉదయం విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి వేలంపాట జరిగే చోట నిలబడి చూడండి.

లయన్‌ఫిష్, ఫాక్స్‌ఫేస్ ముల్లు గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచాలి. ఆ విషం వేడికి విరిగే ప్రోటీన్. ఉపశమనం కలిగినా ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు. ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా నీళ్ల కోసం ఆగకుండా వెంటనే బయల్దేరాలి. పఫర్‌ను నీటిపైకి ఎత్తకండి. గాలి మింగి ఉబ్బితే, ఆ గాలిని బయటికి పంపలేక చస్తుంది. ఎండాకాలం కరెంటు పోతే ముందు చచ్చేది ట్యాంకులోని పెద్ద చేపే. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, దాని అవసరం ఎక్కువ. మన ఊళ్లలో చిల్లర్ లేకుండా ఈ ట్యాంకు పెట్టకూడదు. ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్ ఒక్కటైనా కలిపి ఉంచాలి.

ఇక చేప ట్యాంకును మించి ఎదిగిందంటే, దాన్ని వదిలించుకునే దారి కొనేముందే మాట్లాడి పెట్టుకోండి. పెద్ద ట్యాంకున్న స్నేహితుడు, తిరిగి తీసుకుంటానని ఒప్పుకున్న షాపు, ప్రభుత్వ అక్వేరియం, ఎవరో ఒకరు. విశాఖ ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లి సముద్రంలో వదిలితే పుణ్యమనుకునేవాళ్లున్నారు. 1985లో ఫ్లోరిడాలోని డానియా బీచ్ దగ్గర మొదటి లయన్‌ఫిష్ కనిపించింది. ఆ తీరానికి అది చెందదు, పెంపుడు ట్యాంకుల నుంచి వచ్చిందనే అందరి అంచనా. దాన్ని తినే చేపలు అక్కడ చాలా తక్కువ. ఇవాళ కరీబియన్ అంతటా, అమెరికా ఆగ్నేయ తీరమంతా అది పాకింది, ఈటెలు పట్టుకుని మనుషులు దాన్ని వేటాడుతున్నారు. లయన్‌ఫిష్ మన సముద్రపుదే కదా అంటారా, ట్యాంకులో దానికి అంటుకున్న జబ్బులు మన సముద్రానివి కాకపోవచ్చు.